ఆరు సబ్జెక్టులు.. ఒక్క సాయంత్రం

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు హోంవర్క్ రోజుకు గంటకు మించకూడదని ప్రభుత్వ విధానమే చెబుతోంది. బడిలో మాత్రం ఆ గంటను లెక్కపెట్టే మనిషి లేడు. ఆరు సబ్జెక్టుల టీచర్లూ కూర్చుని వారానికి ఒక్క కాగితం రాసుకుంటే ఏమవుతుంది? ఆదివారం తీరిగ్గా ఆలోచించాల్సిన సంగతి ఇది.

ఏడో తరగతి డైరీ ఏదైనా ఒకటి తెరిచి మంగళవారం పేజీ చూడండి. దాదాపు ఇలాగే ఉంటుంది. మ్యాథ్స్: అభ్యాసంలో ఒకటి నుంచి ఎనిమిది లెక్కలు. తెలుగు: పాఠం వెనక నాలుగు ప్రశ్నలకు జవాబులు, కొత్త పదాలతో సొంతవాక్యాలు. ఇంగ్లిష్: ఇరవై మాటలకు అర్థాలు, రెండేసి సార్లు. హిందీ: పాఠంలో ఒక పేజీ చూచిరాత. సైన్స్: బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి. సోషల్: ఇండియా అవుట్‌లైన్ మ్యాపులో నదులు. అన్నిటి కిందా 'పేరెంట్ సైన్' అని ఒక గీత.

విడివిడిగా చూస్తే ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. ఏ టీచర్‌ని అడిగినా 'నేనిచ్చింది అరగంట పనే కదండీ' అంటారు. నిజమే. కానీ ఆరు అరగంటలు కలిస్తే మూడు గంటలు. బడి నుంచి ఇల్లు చేరేసరికి అయిదవుతుంది. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఏదో ఒకటి తిని, వీధిలో కాసేపు ఆడుకుని, అన్నం తిని తొమ్మిదిన్నరకల్లా పడుకోవాల్సిన పన్నెండేళ్ల పిల్లకు ఆ మూడు గంటలు ఎక్కణ్నుంచి వస్తాయి? ముందు ఆట పోతుంది. తర్వాత నిద్ర తరుగుతుంది. అప్పటికీ చాలకపోతే గైడు బయటికొస్తుంది. గైడులోంచి నోట్సులోకి ఎక్కించేస్తే పని అయిపోయినట్టే. చెయ్యి నొప్పి పుడుతుంది, బుర్రకు మాత్రం పనే ఉండదు.

2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు దాటకూడదంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రోజుకు గరిష్ఠంగా గంట, అంటే వారానికి అయిదారు గంటలు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా రోజుకు రెండు గంటలు. అంతకు రెండేళ్ల ముందు, 2018లో, ఒకటి రెండు తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వొద్దని మద్రాసు హైకోర్టు చెప్పింది. అలా చిన్నపిల్లల మాట కోర్టు దాకా వెళ్లింది. పదో తరగతి పిల్లల గురించి ఊరంతా మాట్లాడుతూనే ఉంటుంది. మధ్యలో ఉన్న ఈ మూడు తరగతుల గోడే ఎవరికీ పట్టదు.

పట్టాల్సింది మాత్రం వీళ్ల గురించే. అయిదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెబుతారు. ఏ రోజు ఎంత పని ఇచ్చారో వాళ్లకు తెలుస్తుంది. ఆరో తరగతిలో అడుగుపెట్టగానే సబ్జెక్టుకో టీచరు. మన రాష్ట్ర సిలబస్ బడుల్లో హిందీ కొత్తగా వచ్చి చేరేదీ ఇక్కడే. ఎనిమిదికి వచ్చేసరికి సైన్స్ కూడా భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండవుతుంది. పిల్ల ఒక్కతే, పని ఇచ్చేవాళ్లు ఆరేడుగురు. ఒకే పప్పులో ఆరుగురు వంటవాళ్లు ఎవరికి వారు ఉప్పు వేసినట్టు, అందరూ కొలిచే వేస్తారు. తినేవాడికే తెలుస్తుంది సంగతి.

లెక్క తప్పింది ఎక్కడ?

బడిలో టైంటేబుల్ ఉంటుంది. ఏ పీరియడ్‌లో ఏ తరగతికి ఎవరు వెళ్లాలో గోడ మీద కనిపిస్తూ ఉంటుంది. సాయంత్రానికి టైంటేబుల్ లేదు. సోషల్ సార్ మ్యాపు ఇచ్చారని సైన్స్ మేడమ్‌కి తెలియదు. తెలుగు మాస్టారు వ్యాసం ఇచ్చిన రోజునే ఇంగ్లిష్‌లోనూ ఎస్సే పడుతుంది. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆరు ప్రాజెక్టులూ ఒకే వారంలో మీద పడతాయి.

టీచర్ వైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచర్ ఉండాలి. ఒక మ్యాథ్స్ సార్‌కి మూడు తరగతులు, తరగతికి 35 మంది అనుకుంటే 105 నోటుపుస్తకాలు. ఒక్కో పుస్తకం రెండు నిమిషాలు చూసినా 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు. ఆయనకు రోజుకు దొరికేది ఒక లీజర్ పీరియడ్. అది కూడా ఎవరైనా సెలవు పెడితే పోతుంది. ఇక మిగిలేది ఏమిటి? పేజీ చివర ఎర్ర టిక్కు, కింద పొడి సంతకం. మూడో లెక్కలో భిన్నాన్ని తలకిందులు చేయడం మరిచిపోయిన పిల్లాడు ఆ టిక్కు చూసుకుని తాను చేసింది సరైనదే అనుకుంటాడు. వారం తర్వాత స్లిప్ టెస్టులో అదే తప్పు మళ్లీ చేస్తాడు.

ఎవరూ చూడని హోంవర్క్ ఇవ్వకపోయినా ఒకటే. పైగా దానివల్ల ఒక నష్టం కూడా ఉంది. సరిగా చేసినా, గైడు చూసి ఎక్కించినా ఒకే టిక్కు పడుతుందని పిల్లలు ఇట్టే పసిగడతారు. కష్టపడి చేయడం దండగని ఆరో తరగతిలోనే నేర్చేసుకుంటారు.

చేయకపోతే శిక్ష మాత్రం తప్పదు. గోడకుర్చీ, గుంజీలు, బెంచీ ఎక్కి నిలబడటం మన తరానికి తెలిసినవే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. దాంతో కొన్నిచోట్ల బెత్తం పోయి, ఇంపోజిషన్ మిగిలింది. హోంవర్క్ చేయలేదని అదే జవాబు పాతికసార్లు రాయమంటే, ఆ రాత్రి చేయాల్సిన కొత్త పని కూడా వెనకబడుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసిన రైతు గతే ఆ పిల్లాడిదీ.

సంచి తేలికైంది, లోపల బరువు తగ్గలేదు

ఈ గొడవ కొత్తది కాదు. రచయిత ఆర్కే నారాయణ్ 1986 నుంచి 1992 దాకా రాజ్యసభ నామినేటెడ్ సభ్యుడిగా ఉన్నారు. ఆ సభలో ఆయన మాట్లాడింది పెద్ద పెద్ద రాజకీయాల గురించి కాదు, బడి సంచి మోసి వంగిపోతున్న పిల్లల వీపుల గురించి. తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది. 1993లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. సంచి బరువు కంటే, అర్థం కాకుండా మోస్తున్న చదువే పిల్లలకు పెద్ద బరువు అన్నది దాని సారం.

ఆ తర్వాత సంచి బరువు మీద ఉత్తర్వులు వచ్చాయి. పిల్లల బరువులో పదో వంతు మించకూడదన్న నియమం వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేని రోజులు ఉండాలంది. ఇవన్నీ మంచివే. సంచిని తూకం వేయొచ్చు, అందుకే దాని మీద నియమాలు తేలిగ్గా వస్తాయి. అర్థం కాని బరువును తూచే త్రాసు లేదు.

ఉన్నదల్లా కొన్ని సర్వేలు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022 నివేదికలో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 44.7 శాతమే. ఏళ్ల తరబడి లెక్కల నోటుపుస్తకాలు నింపిన పిల్లలే వీళ్లంతా. ఒకే రకం లెక్కలు ఒకే రాత్రి ఇరవై చేయించి, మళ్లీ మూడు నెలల దాకా ఆ వైపు చూడకపోతే ఏదీ నిలవదు. నేర్చుకున్నది ఎలా మరిచిపోతామో 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. మొదట్లో చాలా వేగంగా మరిచిపోతాం, మధ్యమధ్య గుర్తుచేసుకుంటే నిలుస్తుంది. ఎక్కాలు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివించిన పాతకాలపు అయ్యవార్లకు ఈ సంగతి ప్రయోగాలు లేకుండానే తెలుసు.

వారానికి ఒక్క కాగితం

కొత్త పథకాలు, యాప్‌లు అక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ తరగతికి చెప్పే టీచర్లంతా స్టాఫ్‌రూమ్‌లో పావుగంట కూర్చుంటే చాలు. వచ్చే వారం ఏ సబ్జెక్టుకు ఏ రోజు పని ఇవ్వాలో ఒక్క కాగితం మీద రాసుకోవాలి. రోజుకు గంట, అయిదు రోజులు, మొత్తం మూడు వందల నిమిషాలు. వాటినే అందరూ పంచుకోవాలి.

పంపకం ఇలా ఉండొచ్చు. రోజూ పావుగంట లెక్కలు. ఎనిమిది అక్కర్లేదు, మూడో నాలుగో చాలు. వాటిలో ఒకటి ఈ వారం పాఠంలోంచి, ఒకటి పోయిన నెల పాఠంలోంచి, ఒకటి పోయిన ఏడాది పాఠంలోంచి. రోజూ ఇంకో పావుగంట చదవడం. పాఠ్యపుస్తకమే కానక్కర్లేదు. బడి లైబ్రరీ పుస్తకమైనా, పేపర్లో పిల్లల పేజీ అయినా, ఉపవాచకమైనా సరే. గట్టిగా చదివితే ఇంకా మంచిది. మిగిలిన అరగంట రోజుకో సబ్జెక్టుది: సోమవారం తెలుగు, మంగళవారం సైన్స్, బుధవారం ఇంగ్లిష్, గురువారం సోషల్, శుక్రవారం హిందీ. శని, ఆదివారాల్లో రాతపని లేదు.

దీనివల్ల టీచర్‌కీ మేలే. సైన్స్ మేడమ్ చేతికి ఒక తరగతి పుస్తకాలు వారానికి ఒక్కసారే వస్తాయి. మూడు తరగతులకు మూడు వేర్వేరు రోజులు పెట్టుకుంటే, రోజుకు 35 పుస్తకాలు. రెండేసి నిమిషాలు చూసినా డెబ్బై నిమిషాలు. అది కూడా ఎక్కువనుకుంటే సగం తాను దిద్ది, సగం బోర్డు మీద జవాబు రాసి పిల్లలతోనే ఒకరి పుస్తకం ఒకరిచేత దిద్దించవచ్చు. పక్కవాడి తప్పు పట్టుకునే ఉత్సాహంలో తన తప్పు తెలిసిపోతుంది. టిక్కు బదులు ఒక్క వాక్యం రాయగలిగే తీరిక టీచర్‌కి చిక్కుతుంది.

ప్రతి పనికీ ఒక పరీక్ష పెట్టుకోవాలి: ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేకపోయినా ఈ పిల్ల దీన్ని సొంతంగా చేయగలదా? చేయలేదంటే అది తరగతిలో చేయించాల్సిన పనే తప్ప ఇంటికి పంపాల్సింది కాదు. అమ్మ కూలికి వెళ్లి ఏడింటికి వస్తుంది, నాన్న ఆటో నడుపుకుని పదింటికి వస్తాడు. అలాంటి ఇంటికి 'తల్లిదండ్రుల సాయంతో చేయండి' అని రాసి పంపితే, పిల్ల చేయలేని పనికి మార్కులు పోగొట్టుకుంటుంది.

గైడులో దొరకని జవాబులు

ఇప్పుడు గైడు కూడా పాతబడిపోయింది. ప్రశ్నను ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, జవాబు తెర మీద ప్రత్యక్షమవుతుంది. పాఠం వెనక ప్రశ్నలనే హోంవర్క్‌గా ఇచ్చుకుంటూ పోతే, ఇక ముందు ఆ పని చేసేది ఫోనే. అందుకని వారంలో ఒకటి రెండైనా, జవాబు ఆ పిల్లల ఇంట్లోనో వీధిలోనో తప్ప ఇంకెక్కడా దొరకని ప్రశ్నలు ఉండాలి. మన దగ్గర వాటికి కొదవ లేదు.

లెక్కలకు భూమిని మించిన పాఠం ఏముంది? ఎకరానికి 4,840 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరాన్ని 40 గుంటలుగా లెక్కిస్తారు, ఆంధ్రలో వంద సెంట్లుగా. గుంటకు ఎన్ని గజాలు? సెంటుకు ఎన్ని? 121, 48.4 అని భాగహారం చేసి తేల్చుకున్న పిల్ల, గుంట అంటే రెండున్నర సెంట్లని తానే కనిపెడుతుంది. తర్వాత తమ ఇంటి స్థలం పొడవు, వెడల్పు టేపుతో కొలిచి, ఎన్ని గజాలో, ఎన్ని గుంటలో లేదా సెంట్లో రాయమనండి. చుట్టుకొలత, వైశాల్యం, దశాంశాలు, నిష్పత్తి అన్నీ ఒక్క పనిలో వచ్చేస్తాయి. తాతయ్యను అడిగితే కొలతల పాఠం ఇంకా పెరుగుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, పైన కుంచం, తూము, ఇరవై తూములకు పుట్టి. బియ్యం డబ్బాలోంచి ఒక సోలెడు తీసి తూస్తే ఎన్ని గ్రాములు వచ్చాయో ఏ గైడులోనూ ఉండదు.

సౌష్ఠవం పాఠానికి వాకిట్లో ముగ్గే చాలు. మధ్యలో ఏడు చుక్కలు పెట్టి, సరి చుక్కతో అటూ ఇటూ అయిదు, మూడు, ఒకటి పెట్టుకుంటూ పోతే మొత్తం ఎన్ని చుక్కలు? ఇరవై అయిదు. అవే ఏడు చుక్కలకు సందు చుక్క పెడుతూ ఆరు, అయిదు, నాలుగు దాకా వెళితే? ముప్పై ఏడు. మొదటిదాన్ని నాలుగు వైపుల నుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది, రెండోదాన్ని ఆరు వైపుల నుంచి. చుక్కలు వేయకుండానే, పదిహేను చుక్కల ముగ్గుకు ఎన్ని కావాలో చెప్పగలరా అని అడగండి. సంక్రాంతి సెలవుల హోంవర్క్ ఇంతకంటే ఏం కావాలి? అమ్మ చదువుకోకపోయినా, ఈ ప్రశ్నకు ఆ ఇంట్లో గురువు ఆవిడే.

సైన్స్‌కు వర్షాకాలం ఉంది. నిలువు గోడల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసేయాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక కాసిన్ని నీళ్లు పోసి, ఆ మట్టాన్ని సున్నాగా గుర్తుపెట్టి, స్కేలు అతికించాలి. డాబా మీద పెడితే వానమాపకం తయారైనట్టే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద గజాల డాబా అంటే 83.6 చదరపు మీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండాలంటే ఎంత వాన పడాలి? సుమారు 12 మిల్లీమీటర్లు. ఒక గట్టి జల్లు. ఆ నీళ్లన్నీ మురుక్కాలవలోకి పోతున్నాయని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది, ఇంకుడుగుంత ఎందుకో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

వేసవిలో అయితే పెరుగు. ఒకే రాత్రి మూడు గిన్నెల్లో పాలు: ఒకదాంట్లో పొయ్యి మీంచి దించినవి, ఒకదాంట్లో గోరువెచ్చనివి, మూడోదాంట్లో ఫ్రిజ్‌లోంచి తీసినవి. మూడింటికీ ఒకే చెంచాతో తోడు. వేడిపాలు పెద్దవాళ్లు పోయాలి. పొద్దున్న ఏది తోడుకుంది, ఏది తోడుకోలేదు, ఎందుకు? సూక్ష్మజీవుల పాఠం ఇంతకన్నా రుచిగా ఉండదు. కరెంటు బిల్లు ఇంకో పాఠం. 75 వాట్ల ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, నెలకు 22.5 యూనిట్లు. ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయో, ఏ గదిలో ఎవరూ లేకుండా తిరుగుతున్నాయో రాసుకొచ్చిన పిల్ల ఆ నెల నుంచి ఇంటికి కరెంటు ఇన్‌స్పెక్టర్ అయిపోతుంది.

సోషల్‌లో మన పుస్తకాలే దారి చూపించాయి. 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో మూడు ఊళ్లు పాఠాలయ్యాయి. కృష్ణా డెల్టాలో పెనమకూరు, పీఠభూమి మీద డోకూరు, కొండల మీద పెనుగోలు. నేల ఎలాంటిది, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, ఏం పండిస్తారు, పంట ఎక్కడ అమ్ముతారు అన్నవి ఆ పాఠాల్లోని ప్రశ్నలు. అవే ప్రశ్నలు తమ ఊరికి వేసుకుంటే అది నాలుగో ఊరి పాఠం. వారానికి ఒక్క ప్రశ్న చాలు. 'మన వీధిలో బోరు ఎన్ని అడుగులకు నీళ్లు పడింది? ఇరవై ఏళ్ల కిందట బావిలో ఎంత లోతున ఉండేవి?' అని ముగ్గురిని అడిగి రాయమంటే, భూగర్భజలాల పాఠం నోట్సు అదే తయారవుతుంది.

భాషల సంగతి ఇంకా తేలిక. తెలుగుకు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఒక పొడుపుకథ, దాని జవాబు, ఆ జవాబు ఎలా కుదిరిందో నాలుగు వాక్యాలు. ఇంగ్లిష్‌కు, ఇంట్లో ఉన్న ఏదైనా ప్యాకెట్ మీది సూచనలు చదివి, తెలిసిన మాటలతో తిరగరాయడం. హిందీకి, రైల్వేస్టేషన్ బోర్డు నుంచి సబ్బు కాగితం దాకా దేవనాగరిలో కనిపించే మాటలు వారానికి పది. చూచిరాత పేజీ కంటే ఈ పది మాటలే ఎక్కువకాలం గుర్తుంటాయి.

ప్రాజెక్టులనూ ఈ కళ్లతోనే చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు, ఎఫ్‌ఏ 50 మార్కుల్లో లఘు పరీక్షకు 20, పిల్లల భాగస్వామ్యానికి, రాతపనికి, ప్రాజెక్టుకు పదేసి ఇచ్చారు. పరీక్షకు బయట కూడా చదువు ఉందని గుర్తించిన మంచి ఆలోచన అది. ఆచరణలో ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో ప్రింటవుట్, స్టేషనరీ షాపులో థర్మోకోల్, నాన్న జేబులోంచి రెండు వందలు అయింది. పైసా ఖర్చు కాని ప్రాజెక్టే ప్రాజెక్టు అని బడి ఒక నియమం పెట్టుకుంటే చాలు.

హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకోవాల్సింది

హోంవర్క్ అన్నమాటే గానీ, ఇల్లు పక్కన లేని పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు. అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకులం నుంచి, ఆడపిల్లల కోసం 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల దాకా వీళ్లంతా సాయంత్రం స్టడీ అవర్‌లోనే ఇంటిపని చేస్తారు. కస్తూర్బాలు మొదట పెట్టిందే ఈ ఆరు నుంచి ఎనిమిది తరగతుల అమ్మాయిల కోసం. అక్కడ ఇద్దరు అమ్మాయిలు ఒక లెక్క మీద వాదించుకుంటూ కనిపిస్తారు. తెలియనిది అడగడానికి డ్యూటీ టీచర్ ఉంటారు. అందరికీ ఒకే వెలుగు, ఒకే సమయం, ఒకే నిశ్శబ్దం.

డే స్కాలర్ పిల్లలకూ ఇందులో కొంత ఇవ్వొచ్చు. బడి విడిచాక ముప్పావుగంట ఒక గది తెరిచి ఉంచి, వంతులవారీగా ఒక టీచర్ కూర్చుంటే, ఒంటిగదిలో టీవీ మోతలో రాసుకునే పిల్లలకు అదే స్టడీ రూమ్. అది బలవంతంగా అందరినీ కూర్చోబెట్టే స్టడీ అవర్ కాకూడదు. సాయంత్రం ఆరున్నర దాకా బడిలోనే ఉంచి, ఆపైన ఇంటికీ పని పంపే బడులు ఉన్నాయి. వాటిని చూసి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

సముద్రాల అవతల ఇంకో ఉదాహరణ. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి తెలుగు నేర్పుతోంది. వారాంతంలో తరగతి, వారం పొడుగునా ఇంటిపని. ఇంగ్లిష్ లోకంలో తిరిగే పిల్లలతో మిగతా రోజుల్లో తెలుగు ముట్టుకునేలా చేసేది ఆ ఇంటిపనే. పిల్ల అమ్మమ్మకు ఫోన్ చేసి ఒక మాటకు అర్థం అడిగిందంటే, ఆ వారం హోంవర్క్ దాని పని అది చేసినట్టే.

గంటేనా, ఇంకా తక్కువా?

హోంవర్క్ పూర్తిగా ఎత్తేయాలనే వాదన కూడా పాతదే. అమెరికాలోని కాలిఫోర్నియా 1901లోనే పదిహేనేళ్ల లోపు పిల్లలకు హోంవర్క్ నిషేధించి, తర్వాత ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఫ్రాన్స్ 1956 నుంచి ప్రాథమిక బడుల్లో రాత హోంవర్క్ వద్దంటోంది. చైనా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాతపని మాన్పించింది. ఆరో తరగతి దాకా గంట, ఆ పై మూడు తరగతులకు గంటన్నర పరిమితి పెట్టింది. పోలండ్ 2024లో ఒకటి నుంచి మూడు తరగతులకు రాత హోంవర్క్ తీసేసి, నాలుగు నుంచి ఎనిమిదికి మార్కుల్లేకుండా ఐచ్ఛికం చేసింది.

అధ్యయనాల్లో ఎక్కువగా ప్రస్తావించేది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హ్యారిస్ కూపర్ పనిని. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కూర్చి 2006లో ఆయన బృందం తేల్చింది ఇది: ఏడో తరగతి నుంచి పైకి హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం బాగా కనిపిస్తుంది, అంతకన్నా చిన్న తరగతుల్లో చాలా తక్కువ. తరగతికి పది నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవాలన్న లెక్కను కూడా ఆయన సమర్థించారు. ఆ లెక్కన ఆరో తరగతికి గంట. మన పాలసీ చెప్పిందీ అదే. మన ప్రాథమికోన్నత తరగతులు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాయి. ఎత్తేయాల్సిన వయసు దాటింది, మూడు గంటలు మోయాల్సిన వయసు రాలేదు. ఒక్కరే కూర్చుని ఒక పనిని మొదలుపెట్టి ముగించడం నేర్చుకోవాల్సిన వయసు ఇది. గంట ఇవ్వడం అందుకే.

అమ్మానాన్నల వంతు

బడిని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. హోంవర్క్ తక్కువిస్తే 'ఇంత ఫీజు కడుతున్నాం, మావాడు ఇంటికొచ్చి ఖాళీగా కూర్చుంటున్నాడు' అని ఫోన్ చేసే తల్లిదండ్రులు తక్కువేం లేరు. ఖాళీగా ఉంటే ఫోన్ పట్టుకుంటాడన్న భయం ఒకటి. ఆ భయం నిజమైనదే. కానీ ఫోన్‌కి మందు ఇంకో రెండు పేజీల చూచిరాత కాదు. వీధిలో క్రికెట్, వంటింట్లో చపాతీ ఒత్తడం, తమ్ముడికి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, మేడ మీద పావుగంట ఊరికే కూర్చోవడం కూడా పిల్లల సాయంత్రంలో భాగమే.

ఇంట్లో చేయాల్సింది నిజానికి తక్కువ. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోబెట్టండి. ఆ గంట టీవీ కట్టేయండి. పిల్లల బదులు మీరు చేసిపెట్టకండి. తప్పుంటే తప్పుగానే వెళ్లనివ్వండి. ఆ తప్పు చూస్తేనే రేపు ఏం చెప్పాలో టీచర్‌కి తెలుస్తుంది. అన్నీ ఒప్పులతో అమ్మ దిద్ది పంపిన పుస్తకం టీచర్‌కి అబద్ధం చెబుతుంది. గంట దాటినా పూర్తి కాకపోతే అక్కడితో ఆపేసి, 'గంటలో ఇంతే అయింది' అని రాసి సంతకం పెట్టండి. పేరెంట్ సైన్ గీతకు అంతకన్నా మంచి వాడకం లేదు. వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదికి వచ్చే హోంవర్క్‌ను ఆ రాత్రికి చూడకపోయినా కొంప మునగదు.

ఇక బడికి వెళ్లినప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మనం మార్కులు అడుగుతాం, అల్లరి గురించి అడుగుతాం, ర్యాంకు అడుగుతాం. ఈసారి ప్రధానోపాధ్యాయుల్ని ఇది అడగండి: 'మా అమ్మాయికి పోయిన వారం అన్ని సబ్జెక్టులకూ కలిపి ఎన్ని గంటల పని ఇచ్చారండీ?' ఆ అంకె చాలా బడుల్లో ఎవరి దగ్గరా ఉండదు. అడిగేవాళ్లు పదిమంది అయితే మాత్రం, వచ్చే మీటింగ్ నాటికి దాన్ని లెక్కపెట్టక తప్పదు. లెక్కపెట్టడానికి టీచర్లు ఆ శుక్రవారం ఎలాగూ ఒకచోట కూర్చోవాలి. కూర్చున్నాక వచ్చే వారం పని పంచుకోవడానికి ఇంకో పావుగంటే పడుతుంది.